మొదటి ర్యాంకు వాడికే సీటు లేదు

ఎంసెట్‌లో మొదటి ర్యాంకు కొట్టిన కుర్రాణ్ణి పిలిచి, "బాగా రాశావు బాబూ, కానీ నీకు సీటు లేదు. మళ్లీ పరీక్ష రాద్దామన్నా కుదరదు. నాలుగో ర్యాంకు వాడికి మాత్రం ఇచ్చేశాం" అంటే మన దగ్గర ఏమవుతుంది? సాయంత్రానికి ధర్నా, రాత్రికి టీవీలో చర్చ, తెల్లారేసరికి హైకోర్టులో పిటిషన్. 2022లో కార్ల రేసుల్లో అచ్చం ఇలాగే జరిగింది. కిక్కురుమన్నవాడు లేడు.

ఆ మొదటి ర్యాంకు కుర్రాడు బ్రెజిల్‌కు చెందిన ఫెలిపె డ్రుగోవిచ్. ఆ ఏటి ఫార్ములా 2 ఛాంపియన్. అతనికి వచ్చిన పాయింట్లు 265. రెండో స్థానంలో నిలిచిన ఫ్రాన్స్ కుర్రాడు తెయో పూర్షేర్‌కు 164. తేడా 101. పెద్ద రేసు గెలిస్తే వచ్చేవి 25 పాయింట్లు కాబట్టి, పూర్షేర్ ఇంకో నాలుగు పెద్ద రేసులు అదనంగా గెలిచినా అందుకోలేనంత దూరం. నాలుగో స్థానంలో 148 పాయింట్లతో అమెరికన్ లోగన్ సార్జంట్. తర్వాతి ఏడాది ఫార్ములా వన్‌లో విలియమ్స్ కారెక్కింది సార్జంట్. ఛాంపియన్‌కు దక్కింది ఆస్టన్ మార్టిన్ జట్టులో రిజర్వు డ్రైవర్ పని. అంటే హెల్మెట్ పట్టుకుని, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే తప్ప రాని పిలుపు కోసం ఎదురుచూడటం. పోనీ ఫార్ములా 2లోనే ఇంకో ఏడాది ఆడదామా అంటే, ఛాంపియన్ అయినవాడు మళ్లీ పోటీ చేయరాదని నిబంధన.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ, అభికేంద్ర బలం పాఠాలకు ఉదాహరణలు వెతుక్కుంటూ రేసులు చూడటం మొదలుపెట్టాను. పాఠాలు సిలబస్‌లోనే ఆగాయి, రేసుల పిచ్చి మాత్రం ఆగలేదు. అందరూ ఫార్ములా వన్ చూస్తారు. నాకు దాని కింది మెట్టయిన ఫార్ములా 2 మీదే మక్కువ. ఫార్ములా వన్‌లో ఏ జట్టు కారు ఆ జట్టే తయారు చేసుకుంటుంది. గెలిచింది కారో మనిషో తేల్చి చెప్పడం కష్టం. ఫార్ములా 2లో ఆ గొడవ తక్కువ. అందరికీ దల్లారా కంపెనీ కారే, మెకాక్రోమ్ వి6 టర్బో ఇంజనే, పిరెల్లి టైర్లే. దాదాపు 620 గుర్రాల శక్తి అందరికీ సమానం. జట్టు పనితనం వల్ల కొంత తేడా ఉంటుంది గానీ, ఇంతకంటే సరైన పరీక్ష ఈ ఆటలో దొరకదు.

డ్రుగోవిచ్ ఆ పరీక్ష ఎలా రాశాడో చూడాలంటే ఆ ఏడాది మే నెలలో బార్సిలోనా రేసులు చూడాలి. ఫార్ములా 2లో వారాంతానికి రెండు రేసులు. శనివారం స్ప్రింట్, ఆదివారం ఫీచర్. స్ప్రింట్‌లో క్వాలిఫయింగ్ మొదటి పదిమందిని తిరగేసి నిలబెడతారు. పదో వాడు అందరికన్నా ముందుంటాడు. ఆదివారం అసలు వరుస ప్రకారమే నిలబడాలి, మధ్యలో ఒకసారి టైర్లు మార్చుకోక తప్పదు. బార్సిలోనా క్వాలిఫయింగ్‌లో డ్రుగోవిచ్‌ది పదో స్థానం. శనివారం ముందు వరుస నుంచి బయల్దేరి గెలిచాడు. అందులో వింతేముంది అనుకోవచ్చు. ఆదివారం పదో చోటు నుంచి బయల్దేరి మళ్లీ అతనే గెలిచాడు.

ఆ ట్రాకు మీద పొడవాటి కుడి మలుపులు ఎక్కువ. అలాంటి మలుపులో కారు బరువు బయటివైపుకు, అంటే ఎడమ ముందు టైరు మీదకు ఒరుగుతుంది. టైరు వేడెక్కి పై పొర చెడిందంటే పట్టు పోతుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మాట వినదు. మొదట్లో తొందరపడి ముందుకు దూకినవాడు సంపాదించినదంతా చివరి ల్యాపుల్లో వడ్డీతో సహా కక్కుతాడు. ముందున్నవాళ్లు టైర్లు అరగదీసుకుంటుంటే డ్రుగోవిచ్ తన టైర్లను కాపాడుకుని, వాళ్లకు పట్టు తగ్గాక ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. ఇరవై రెండేళ్లయినా నిండకుండా అంత ఓర్పు ఉండటం అరుదు. పొద్దస్తమానం కుర్రకారుతో గడిపేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

అంతకుముందు జెద్దాలో ఫీచర్ గెలిచాడు. తర్వాత మొనాకోలో పూర్షేర్‌ను వెనకే ఉంచి గెలిచాడు, సెప్టెంబరు మొదట్లో జాండ్‌వోర్ట్‌లోనూ గెలిచాడు. మొత్తం అయిదు విజయాలు. అతను నడిపిన ఎంపీ మోటార్‌స్పోర్ట్ డచ్చి జట్టు. ఫార్ములా 2లో అంతకుముందు ఎప్పుడూ టైటిల్ గెలవని ఆ జట్టుకు ఆ ఏడాది జట్ల టైటిల్ కూడా దక్కింది.

ఇక సెప్టెంబరు 10, శనివారం, ఇటలీలోని మోంజా. స్ప్రింట్ రేసు మొదటి ల్యాపులోనే ఇంకో కారు తగిలి డ్రుగోవిచ్ కారు పాడైంది. రేసు అక్కడితో సరి. మిగతా ల్యాపులన్నీ చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది లేదు. పూర్షేర్ పాయింట్లు తెచ్చుకోలేకపోయాడు. ఇంకా మూడు రేసులు మిగిలి ఉండగానే, తను కారు దిగాక, టైటిల్ డ్రుగోవిచ్ చేతికొచ్చింది.

అదే వారాంతంలో అదే ట్రాకు మీద ఇంకో ఇద్దరి కథ నడిచింది. 2019 ఫార్ములా 2 ఛాంపియన్ నిక్ డి వ్రీస్‌కు అప్పటిదాకా ఫార్ములా వన్ రేసు నడిపే అవకాశమే రాలేదు. శుక్రవారం అతను ఆస్టన్ మార్టిన్ కారులో ప్రాక్టీసు చేశాడు. శనివారం విలియమ్స్ డ్రైవర్ ఆల్బన్‌కు అపెండిసైటిస్ రావడంతో హడావుడిగా ఆ కారెక్కించారు. ఆదివారం తొమ్మిదో స్థానంలో ముగించి రెండు పాయింట్లు తెచ్చాడు. ఛాంపియన్ అయిన మూడేళ్లకు, అదీ ఇంకొకరికి కడుపునొప్పి వస్తే వచ్చిన అవకాశం. రెండో మనిషి మనవాడు. ముంబయి కుర్రాడు జెహాన్ దారువాలా ఆదివారం ఫీచర్ రేసు గెలిచాడు. మోంజా పోడియం మీద జాతీయగీతం వినిపించింది. సోమవారం మన పత్రికల క్రీడా పేజీల్లో దానికి ఎంత చోటు దక్కిందో పాఠకులకు తెలుసు.

మరి ఛాంపియన్‌కు సీటు ఎందుకు రాలేదు? పెద్ద కారణం ఒకటే. అతనికి గాడ్‌ఫాదర్ లేడు. పూర్షేర్ వెనక సాబర్, సార్జంట్ వెనక విలియమ్స్, జాక్ డూహన్ వెనక ఆల్పీన్, లియామ్ లాసన్, దారువాలాల వెనక రెడ్‌బుల్ ఉన్నాయి. ఫార్ములా వన్ జట్లు పిల్లల్ని ముందే దత్తత తీసుకుని, సీటు ఖాళీ అయితే తమవాణ్ణే కూర్చోబెడతాయి. ఆ సీజన్ నడిచినంతకాలం డ్రుగోవిచ్ ఏ జట్టు అకాడమీలోనూ లేడు. టైటిల్ ఖాయమయ్యాక ఆస్టన్ మార్టిన్ పిలిచింది. అక్కడ ఒక సీటు ఫెర్నాండో అలొన్సోది. రెండో సీటు లాన్స్ స్ట్రోల్‌ది. జట్టు యజమాని లాన్స్ తండ్రే. 2023 సీజన్‌కు ముందు సైకిల్ ప్రమాదంలో లాన్స్ మణికట్టుకు దెబ్బ తగిలితే బహ్రెయిన్ టెస్టులో డ్రుగోవిచ్ నడిపాడు. రేసు రోజుకు లాన్స్ వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాతా అంతే.

ఇది ఒక్కడి దురదృష్టం అనుకోవడానికి లేదు. మరుసటి ఏడాది, 2023లో, పూర్షేర్ ఛాంపియన్ అయ్యాడు. అతనికీ సీటు రాలేదు. జపాన్ వెళ్లాడు, అమెరికా వెళ్లాడు, అక్కడా నిలదొక్కుకోనివ్వలేదు. 2022లోనే అమెరికాలో ఇండీకార్‌కు కింది మెట్టయిన ఇండీ లైట్స్‌ను స్వీడన్ వాడు లినస్ లుండ్‌క్విస్ట్ గెలిచాడు. అక్కడ ఛాంపియన్‌కు పైమెట్టు ఎక్కడానికి ధనసాయం కూడా ఉంటుంది. అయినా 2023 సీజన్ మొదలయ్యేసరికి అతనికి కారు లేదు. ఇంకో డ్రైవర్‌కు ప్రమాదం జరిగాక కొన్ని రేసులు దొరికాయి. అందులో సత్తా చూపించి 2024లో పూర్తి సీటు సంపాదించాడు, ఆ ఏటి ఉత్తమ కొత్త డ్రైవర్ కూడా అతనే. అవకాశమిస్తే ఛాంపియన్లు ఏం చేయగలరో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఎదుటి వాదన కూడా వినాలి. డ్రుగోవిచ్‌కు అది ఫార్ములా 2లో మూడో ఏడాది. 2021లో ఒక్క రేసూ గెలవలేదు. అప్పటి సహచరుడు జౌ గ్వాన్‌యూ ఆ ఏడాది మూడో స్థానంలో నిలిచి ఫార్ములా వన్‌కు వెళ్లాడు. లెక్లెర్క్ 2017లో, రస్సెల్ 2018లో, పియాస్త్రి 2021లో మొదటి ఏడాదే గెలిచారు, పైకి వెళ్లి నిలబడ్డారు. 2024 పట్టికలో పన్నెండో స్థానంలో ఉన్న బేర్‌మన్, ఆరో స్థానంలో ఉన్న అంటొనెలీ కూడా పై మెట్టులో తమ సత్తా చూపిస్తున్నారు. కాబట్టి జట్లకు ఎంచుకోవడం తెలియదని నేను అనను. డబ్బు పెట్టేవాడు తనకు నచ్చినవాణ్ణి తీసుకుంటాడు. 2024 ఛాంపియన్ బోర్తొలేతోకు సాబర్‌లో సీటు వచ్చిన మాట కూడా నిజం. నా తగాదా జట్లతో కాదు, నిబంధనలు రాసేవాళ్లతో. ఫార్ములా 2కు, ఫార్ములా వన్‌కు రెండింటికీ నిబంధనల పెద్ద ఎఫ్ఐఏనే. ఫార్ములా 2లో మొదటి ముగ్గురికీ, ఫార్ములా వన్ నడపాలంటే ఉండాల్సిన సూపర్ లైసెన్సుకు కావాల్సిన 40 పాయింట్లూ ఇచ్చి, "మీరు ఫార్ములా వన్‌కు తగినవాళ్లే" అని ముద్ర వేసేదీ ఆ సంస్థే. ఛాంపియన్‌ను తిరిగి రానివ్వనిదీ అదే వ్యవస్థ. కింది తలుపు మూసేవాళ్లు పై తలుపు కనీసం ఓరగానైనా తెరవాలి కదా.

ఈ మధ్య మా కాలేజీకి ఒక పిల్లాడి తండ్రి వచ్చారు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. "సార్, మావాడు కారు రేసులంటున్నాడు. మీరు చూస్తారంట గదా. ఎంతవుద్దో చెప్పండి, తర్వాత వాడి సంగతి చూస్తా" అన్నారు. కార్టింగ్ నుంచి మొదలుపెట్టి ఫార్ములా 4, ఫార్ములా 3 దాకా చెప్పాను. ఫార్ములా 2లో ఒక్క సీజన్‌కే ఇరవై కోట్ల దాకా అవుతుందని అంచనా అన్నాను. ఆయన అదిరిపోలేదు. వ్యాపారి కదా, ఇంకో ప్రశ్న వేశారు. "సరే సార్, అంతా పెట్టి ఫస్టొచ్చాడనుకోండి. అప్పుడు?" డ్రుగోవిచ్ కథ చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "ఇదేం బేరం సార్?" అన్నారు. నేను ఇన్ని మాటల్లో చెబుతున్నది ఆయన మూడు మాటల్లో తేల్చేశారు.

ఇది మనకు సంబంధం లేని గోల అనుకోకండి. హైదరాబాద్‌లో హుసేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో విద్యుత్ కార్లు పోటీపడే ఫార్ములా ఇ రేసు జరిగింది, మరుసటి ఏడాది రద్దయింది. ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ జట్టుకు నాగచైతన్య యజమాని. హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి జాతీయ స్థాయిలో ఫార్ములా కార్ల టైటిళ్లు గెలిచాడు. 2025లో కుష్ మైనీ మొనాకోలో ఫార్ములా 2 స్ప్రింట్ గెలిచాడు. అంటే మన పిల్లలు ఆ మెట్టు దాకా చేరుతున్నారు. దారువాలా ఫార్ములా 2లో రేసులు గెలిచి కూడా చివరికి ఫార్ములా ఇ దారి పట్టాడు. డ్రుగోవిచ్‌దీ అదే దారి. 2025 జులైలో బెర్లిన్‌లో అతనికి తొలి ఫార్ములా ఇ రేసు ఇచ్చింది మన మహీంద్రా జట్టు. అదీ ఎవరి బదులు? ఆ వారాంతంలో వేరే రేసుకు వెళ్లిన డి వ్రీస్ బదులు. ఇద్దరు ఫార్ములా 2 ఛాంపియన్లు ఒకే సీటు పంచుకున్నారన్నమాట.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఫార్ములా వన్ జట్లన్నీ ఏటా కొన్ని శుక్రవారం ప్రాక్టీసు సెషన్లు కొత్త డ్రైవర్లకు ఇవ్వాలని ఎఫ్ఐఏ 2022లోనే నిబంధన పెట్టింది. 2025 నుంచి జట్టుకు నాలుగు చొప్పున చేసింది. ఆ ఏడాది పది జట్లకు నలభై సెషన్లు, ఒక్కొక్కటి గంటసేపు. అందులో కొన్నింటిని ఫార్ములా 2 ఛాంపియన్ పేరిట రాసిపెట్టాలి. ఏ అకాడమీ బిడ్డ అన్నది చూడకుండా, వేర్వేరు జట్ల కార్లలో. ఎవరూ సీటు వదులుకోనక్కర్లేదు. గెలిచినవాడు పెద్దవాళ్ల పక్కన ఎంత వేగంగా నడపగలడో స్టాప్‌వాచ్ చెబుతుంది. ఆ తర్వాత తీసుకోకపోతే అది జట్ల ఇష్టం. ఛాంపియన్ కిందికి దిగకూడదని ఒక వాక్యం రాయగలిగినవాళ్లు, కొన్ని గంటలు పైకి ఎక్కాలని ఇంకో వాక్యం కూడా రాయగలరు. రాయాలి.