సీడ్ పత్తి: బాధ్యత ధరలోనే వుంది

కడప: సీడ్ పత్తి చేలో బాలకార్మికులు వున్నారా లేరా అన్నది చాలావరకు కంపెనీ ఇచ్చే ధరే తేలుస్తుంది. ప్రతి పువ్వుకూ చేతితో క్రాసింగ్ చేయాలి. ఖర్చులో దాదాపు సగం కూలికే పోతుంది. సేకరణ ధర బిగిస్తే రైతు చౌక కూలిని వెతుకుతాడు.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడ్ చేలలో 14 ఏళ్లలోపు పిల్లలు, అందునా ఎక్కువగా ఆడపిల్లలు, పనిచేస్తున్నట్లు 2003లో దావులూరి వెంకటేశ్వర్లు నివేదిక వెల్లడించింది. బహుళజాతి కంపెనీల విత్తనమూ అందులో వుంది.

రైతుతో ఒప్పందం ఆర్గనైజరుది, మాకు సంబంధం లేదన్న వాదన నిలవదు. మూలవిత్తనం ఇచ్చేది, చేను తనిఖీ చేసేది, ధర కట్టేది కంపెనీయే. పిల్లలను పెట్టని రైతుకు ధరపై 5 శాతం బోనస్ ఇచ్చే పద్ధతిని బేయర్ 2005లో చేపట్టింది. దారి అదే.

సరఫరాదారుల వద్ద జరిగేదానికీ కంపెనీలు బాధ్యత వహించాలని 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. కనుక ఆర్గనైజర్లు, దళారులు ఒప్పందంలో బాలకార్మికుల నిషేధంతోపాటు పెద్దల కూలికి గిట్టుబాటయ్యే ధరను కూడా రాయించుకోవాలి. ధర లేని షరతు కాగితం మీదే వుంటుంది.