చలికాలపు చిఠ్ఠా

మన సహకార సంఘమున సాయంకాలము చిఠ్ఠా సరిచూచి మూయనిదే కార్యదర్శి యింటికి పోడు. ఎరువు బస్తా యొకటి లెక్కకు తక్కువైనను గిడ్డంగి తలుపులు మరల తెరవబడును. ఒక్క రూపాయి యెటు పోయినదో చెప్పలేని సంఘము సంఘమే కాదని మనమందరమును నమ్ముదుము. అది మంచి నమ్మకము. కాని యా రూపాయిని పుట్టించు వాన యెంత కురిసినది, దానిని పుట్టకుండ జేయు చలి యే రాత్రి యెంత పడినది యని యెవరైన నడిగినచో మనయొద్ద నొక్క యంకెయు లేదు. "ఈ యేడు చలి బాగ పెట్టింది," "మా తాతనాడు గూడ గింత లేదు" అను మాటలే మనకు లెక్కలు. ఈ లోపమును గూర్చి సభ్యులతో నాలుగు మాటలు ముచ్చటింపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదట దేశపు లెక్కను జూతము. భారత వాతావరణ శాఖవారు ప్రతి మాసపు వేడిని, వానను 1901వ సంవత్సరము నుండి గల లెక్కలతో పోల్చి ప్రకటించుచున్నారు. 2025 జనవరి మాసమున దేశపు సగటు ఉష్ణోగ్రత 18.98 డిగ్రీలు. 1901 తరువాతి జనవరులలో నిది వెచ్చదనమున మూడవది. ఆ నెలలో దేశము మొత్తముమీద సగటున కురిసిన వాన 4.5 మిల్లీమీటర్లు, సాధారణముగా కురియవలసినది 17.1. అనగా రావలసిన దానిలో నాలుగవ పాలునకు కొంచెము మించి మాత్రమే వచ్చినది. వెంటనే వచ్చిన ఫిబ్రవరి సగటు 22.04 డిగ్రీలు, 1901 మొదలు అప్పటివరకు నంత వెచ్చని ఫిబ్రవరి లేదు. అంతకు రెండేండ్లకు ముందు, 2023 ఫిబ్రవరిలో, పగటి గరిష్ఠోష్ణముల సగటు 29.54 డిగ్రీలై అప్పటివరకుగల ఫిబ్రవరుల నన్నిటిని మించెను. 2024వ సంవత్సరము మొత్తముగా 25.75 డిగ్రీల సగటుతో, 1901 తరువాత నప్పటివరకు వచ్చిన యేండ్లన్నిటిలో మిక్కిలి వెచ్చనిదిగా నమోదయ్యెను.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని మన పెద్దల మాట. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26వ తేదీన వచ్చినది. దేశమున బెక్కుతావుల చలి శివుని బిలువకయే యంతకు ముందే వెడలిపోయినది. పెద్దల మాట తప్పని నా భావము కాదు. వారు తమ కాలపు చలిని జూచి చెప్పిరి. కాలము కదలినదా లేదా, కదలినచో నెంత కదలినది యని తెలియుటకు మాత్రము మాట చాలదు, అంకె కావలయును.

అయితే యీ దేశపు సగటును జూచి చలిభయము తీరినదని తలచుట పొరపాటు. నారుమడిలోని మొలక నెల సగటును జూచి బ్రదుకదు. ఆ నెలలోని యొక్క చెడురాత్రిని జూచి చచ్చును. ఉదాహరణకు, ముప్పది రాత్రులలో నిరువది యాఱు రాత్రులు 18 డిగ్రీలును, నాలుగు రాత్రులు 9 డిగ్రీలును పడినవనుకొందము. సగటు 16.8 డిగ్రీలు. కాగితముమీద నది సుఖమైన చలికాలమే. కాని యా నాలుగు రాత్రులలో నారు పసుపుబారి, ఎదుగుదల నిలిచిపోవచ్చును. బ్యాంకులో సంవత్సరపు సగటు నిలువ బాగుగనే యున్నదని, ఎరువు కొనవలసిననాడు చేత డబ్బులేని వానిని ధనవంతుడందుమా?

లెక్క వ్రాయుట యనునది వినోదముగా మొదలైన పని కాదు. 1864లో కలకత్తాను గొప్ప తుఫాను ముంచినది. 1866లోను, 1871లోను వానలు తప్పి కరవులు వచ్చినవి. ఆ దెబ్బల పిమ్మట, 1875లో, వేఱువేఱు చోట్ల చెదరియున్న వాన లెక్కల నన్నిటి నొక్క చోటికి దెచ్చుటకై వాతావరణ శాఖ యేర్పడెను. 1904 మొదలు 1924 వరకు ఆ శాఖకు పెద్దగానున్న గిల్బర్టు వాకరు దేశదేశముల కేంద్రములు వ్రాసియుంచిన గాలిబరువు, వేడి, వానల పట్టికలను దెప్పించి, గుమాస్తాలచేత లెక్కలు వేయించి, పసిఫిక్ మహాసముద్రముమీది గాలిబరువును హిందూ మహాసముద్రముమీది గాలిబరువును త్రాసుతట్టలవలె నొకటి పైకిబోవ నొకటి క్రిందికి దిగుచుండునని కనుగొనెను. నేడు ఎల్ నినో యని పత్రికలలో మనము చదువుచున్న విషయమునకు ఆ త్రాసుతో సంబంధము గలదు. ఆ పట్టికలు వ్రాసిన వారిలో నెక్కువమంది పేరులేని చిన్నయుద్యోగులు. తాము వ్రాయు అంకె యెందుకు పనికివచ్చునో వారెఱుగరు. ప్రతి యుదయమును తప్పక వ్రాసిరి, అంతే.

మన ప్రాంతపు రాజధానియగు హైదరాబాదున 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీల చలి పడెను. చూచి వ్రాసినవా డుండుటచేత నాటి చలి మనకు నేటికిని తెలియుచున్నది. అదే రాత్రి కొత్తకోట పొలములలో నెంత పడినదో చెప్పు చిఠ్ఠా మన బీరువాలో లేదు.

ఇక నా యనుభవమొకటి చెప్పెదను. ఇది నా గొప్పను చెప్పుకొనుటకు గాదు. కొన్నేండ్ల క్రిందట మూల కార్తెలో యాసంగి వరికి ఇద్దఱు రైతులచేత నొకే విత్తనమును నొకేనాడు నారు పోయించితిని. ఒకరి మడి చెరువు క్రింద పల్లమున నున్నది. రెండవవారిది మెట్టమీద బోరుబావి ప్రక్కన. పదునైదు దినములకు పల్లపు నారు పసుపుబారి కూర్చున్నది. మెట్టనారు పచ్చగా లేచినది. పల్లపు రైతు నన్ను పిలిపించెను. చలి యెక్కువైనదా యని యతడడుగగా, "నిన్న రాత్రి పదమూడు డిగ్రీలని పత్రికలో వచ్చినది, పెద్దయ్యా, అంత భయములేదు" అంటిని. ఆయన మడిగట్టున గూర్చుండి, "సారూ, గా లెక్క పాలమూరుదా, మా మడిదా?" అని యడిగెను.

నాకు నోట మాట రాలేదు. చలిగాలి బరువైనది, మబ్బులేని, గాలియాడని రాత్రులలో నది నీటివలెనే పల్లమునకు జారి నిలుచును. కావున నతని మడిలో చలి పత్రికలోని యంకెకంటె నెక్కువై యుండవచ్చును. అదిగాక చెరువునీరు రాత్రులందు చల్లబడును. భూగర్భమునుండి వచ్చు బోరునీరు చలికాలమున గోరువెచ్చగ నుండును. నారును చెఱచినది గాలిచలియా, నీటిచలియా, రెండునా? కొలిచియుంచిన దేదియు లేదు గనుక నేను చెప్పలేకపోతిని. సాయంకాలము మడిలోని నీరు తీసివేసి యుదయము క్రొత్తనీరు పెట్టుడనియు, రాత్రులందు పాలిథిన్ పట్టా కప్పి ప్రొద్దెక్కగానే తీయుడనియు, అందఱకును చెప్పు మాటనే యతనికిని చెప్పితిని. మంచి మాటయే, కాని యాలస్యముగా చెప్పితిని. నాట్లు వెనుకబడినవి, ఈనిక యెండలలో బడినది, తాలు ఎక్కువైనది. ఆ వేసవిలో ఆయన కొడుకు కోడలు పనికై పట్నము వెడలిరి. పాలమూరు సీమలో నొక పంట తప్పుట యనగా నింటికి తాళము పడుట యని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ తాళమునకు నా తెలియనితనము కొంత కారణమని యిప్పటికిని నా మనస్సు నన్ను బాధించుచున్నది.

అందుచేత నేను సంఘమువారి యెదుట నుంచు ప్రార్థన యిది. గిడ్డంగి వెనుక ఖాళీస్థలమున వానకొలత పాత్ర నొకటి నిలుపుదము. చెట్టునకును గోడకును వాని యెత్తునకు రెండింతల దూరమైన నుండవలయును. పాత్ర అంచు నేలకు సుమా రొక యడుగు ఎత్తున నుండవలయును. నేలకు నాలుగడుగుల యెత్తున, గాలి చొరబడు రెక్కలుగల తెల్లని చెక్కపెట్టెలో, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకముల నుంచుదము. చెరువుక్రింద పల్లములో మఱియొక కనిష్ఠమాపకము నట్టి పెట్టెలోనే యుంచినచో నింకను మేలు. రెండింటి భేదమే మనకు కావలసిన విద్య. ప్రతి యుదయము ఎనిమిదిన్నర గంటలకు చూచి వ్రాయవలయును. దేశమంతటను వాన కొలుచు వేళ యదియే. పుస్తకమున తేదీ ప్రక్కన కార్తెయు, మబ్బు, మంచుల వివరమును, ఆనాటి పైరు స్థితియు నొక్క పంక్తిలో వ్రాయుదము. నెల ముగియగానే యీ పత్రికలో ప్రకటింతము.

వాన లెక్క యెంత యుపయోగమో చూడుడు. ఒక్క మిల్లీమీటరు వాన గుంట నేలమీద సుమారు 100 లీటర్ల నీరు. ఎకరమునకు 4,000 లీటర్లకు పైగా. చలికాలమున పది మిల్లీమీటర్ల వాన పడినదని యంకెతో తెలిసిన వేరుసెనగ రైతు తరువాతి తడిని కొన్ని దినములు వెనుకకు జరుపుకొనవచ్చును. "చినుకులు పడ్డవి" అను మాటను నమ్మి యెవడును మోటారు నాపడు.

దీనికి కొందఱు చెప్పు నాక్షేపణలు నాకు తెలియును. చేతిలోని ఫోనులోనే వాతావరణము వచ్చుచుండగా నీ చెక్కపెట్టె యెందుకందురు. ఫోను రేపటిని గూర్చి చెప్పును. చిఠ్ఠా నిన్నటిని గూర్చి చెప్పును. నిన్నటి లెక్క లేనివాడు రేపటి మాట తన పొలమున నెంతవఱకు నిజమగునో తూచలేడు. రాష్ట్రప్రభుత్వమువారు మండలములలో స్వయంచాలక కేంద్రములు నిలిపియున్నారు గదా యని కొందఱందురు. అవి మిక్కిలి యుపయోగకరములు. వానితో మన లెక్కను సరిచూచుకొనుటయు మనపనియే. కాని మండలమున కొకటి రెండు కేంద్రము లన్ని చెరువుల పల్లములను జూడలేవు. వాతావరణము నాధారముగా జేసికొని చెల్లించు పంటబీమాలు దేశమున నున్నవి. అందు నిర్ణీత కేంద్రపు అంకెనుబట్టియే సొమ్ము వచ్చును, రాకపోవును. ఆ యంకె మన పొలమున కెంత దూరముగ నున్నదో చూపుటకు మనచేతనొక పుస్తకము లేకున్నచో మన మొఱ నాలకించువా రెవరు?

కార్తెలెఱిగిన పెద్దలుండగా పుస్తకమేల యను మాట మూడవది. కార్తె పదుమూడు పదునాలుగు దినముల లెక్క. సూర్యుని నడకనుబట్టి యేర్పడినది. అదియు నొకనాడు ఎవరో యోపికతో జూచి లెక్కకట్టిన దాని ఫలమే. దానిని త్రోసివేయుట గాదు, దాని ప్రక్కన నంకె వ్రాయుటయే నా కోరిక. ఏ కార్తెలో నారు పోసిన మన నేలకు మేలో పదియేండ్లకు మన పుస్తకమే కొంత చెప్పును. శీతోష్ణస్థితి మాఱినదని రూఢిగా చెప్పుటకు శాస్త్రజ్ఞులు ముప్పది యేండ్ల లెక్క నడుగుదురు. అది మన పిల్లలకు చెందును. పల్లమునకును మెట్టకును గల భేదము మాత్రము మొదటి చలికాలముననే తెలియును.

ఒక్క హెచ్చరిక. నేను చదివిన మిషను పాఠశాలలో ఉదయప్రార్థన కాగానే యుపాధ్యాయుడు వానపాత్రను జూచి వ్రాయుచుండెడివాడు. ఒకనాడు నేనును నా స్నేహితుడును వేడుకకై యందులో చెంబెడు నీళ్లు పోసితిమి. ఆయన పాత్రను జూచెను, ఆకాశమును జూచెను, మా ముఖములను జూచెను. కొట్టలేదు. ఆనాటి గడిలో నంకె వ్రాయక "నమ్మదగినది కాదు" అని వ్రాసి, ఆ పంక్తిని మాచేత బిగ్గరగా చదివించెను. ఖాళీగడి కంటె దొంగయంకె చెడ్డదని యానాడు నేర్చుకొంటిని. నష్టపరిహారము వచ్చునను నాశచే చలి నొక డిగ్రీ పెంచి వ్రాయుద మను బుద్ధి మనలో నెవరికైన పుట్టవచ్చును. అట్లొక్కసారి వ్రాసిన పుస్తకము మఱి దేనికిని సాక్ష్యమునకు నిలువదు. రూపాయి చిఠ్ఠాను దిద్దినవానిని సంఘమునుండి తొలగించుచున్నాము. వాన చిఠ్ఠాకును నదే న్యాయము.

ఎవరు వ్రాయుదురని యడుగుదురేమో. కార్యదర్శికి పని యెక్కువ. సభ్యుల బిడ్డలలో పై తరగతులు చదువువారు వంతులవారీగా వ్రాయవచ్చును. వారానికొకసారి సరిచూచు భారము నాది. రాబోవు సర్వసభ్య సమావేశమున నీ విషయమును చర్చకు బెట్టవలసినదిగ పాలకవర్గమువారిని కోరుచున్నాను. తీర్మానమైనచో మొదటి యుదయము మొదటి యంకె వ్రాయుటకు ఆ పల్లపుమడి పెద్దయ్యనే పిలుతము. ఆయన యడిగిన ప్రశ్నకు నేనప్పు పడియున్నాను.

— వ్యవసాయ ప్రదర్శకుడు, కొత్తకోట