ఎత్తు పెంచిన జీపు

సొంత చేతులతో ఒక బండి తయారుచేసుకోవాలనే కోరిక మెకానికల్ చదివిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. నాకూ, మా తమ్ముడికీ పుట్టింది. మిలిటరీ వేలంలో ఎవరో కొని మూలన పడేసిన పాత జీపు ఒకటి చేతికొస్తే, ఇంటి వెనక పశువుల కొట్టం ఖాళీచేసి అందులో పెట్టాం. రాళ్ళల్లో, బురదలో, ఏటి ఇసకలో ఎక్కడైనా సరే పోయేట్టు దాన్ని మార్చాలని మా ఆశ. ఆ అనుభవంతో నాకొక అభిప్రాయం ఏర్పడింది. బండిని మార్చటం కంటే బాగుచెయ్యటం గొప్ప విద్య. దీన్ని ఒప్పుకోని మిత్రులు చాలామందే ఉంటారని తెలిసే రాస్తున్నాను.

జీపు మీద మోజుపడటంలో తప్పులేదు. రెండో ప్రపంచయుద్ధంలో పుట్టిన బండి అది. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించటం మొదలుపెట్టారు. ఆ యుద్ధకాలపు ఇంజను 2.2 లీటర్లు, 60 గుర్రాల బలం. అంతే! అయినా కొండెక్కుతుంది. ఆ కాస్త బలాన్నీ నాలుగు చక్రాలకూ పంచే ఏర్పాటూ, వేగాన్ని ఇంచుమించు సగానికి తగ్గించి లాగే శక్తిని రెట్టింపు చేసే రెండో గేరుపెట్టే దానికి కారణం.

ఇంత ఆలోచించి చేసిన బండికి మేం చేసిన మొదటి పనేమిటి? ఎత్తు పెంచటం! కమాను కట్టలకు పొడుగు షాకిల్స్ వేయించాం. 28 అంగుళాల టైర్లు తీసి 31 అంగుళాలవి తొడిగాం. వీధిలో కుర్రాళ్ళు చూసి ఈలలు వేశారు. స్పీడోమీటరు 50 చూపిస్తుంటే బండి నిజానికి 55 మీద పోతుందనీ, చక్రం పెద్దదైతే బ్రేకు మరింత గట్టిగా పట్టాలనీ మేం లెక్కలు కట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే! కొట్టంలో మాత్రం అవేవీ గుర్తుకు రాలేదు.

ఒక ఆదివారం తమ్ముడు చెరువుకట్ట దిగుతుంటే బ్రేకు పెడలు ఒక్కసారిగా అడుక్కి పోయింది. అదృష్టం కొద్దీ లో గేరులో ఉన్నాడు. బండి తుమ్మచెట్టుకు కొట్టుకుని ఆగింది. వాడి చెయ్యి విరిగింది. కట్ట కింద బట్టలు ఉతుక్కునే ఆడవాళ్ళు కేకలు పెడుతూ పరుగెత్తటం ఇప్పటికీ నా కళ్ళముందు నుంచి పోలేదు.

మేస్త్రీ వచ్చి, బండి కిందికి దూరి చూసి ఒకటే ప్రశ్న వేశాడు. “ఎత్తు పెంచారు సరే బాబూ, బ్రేకు గొట్టం పెంచారా?”

ఛాసిస్ నుంచి యాక్సిలుకు పోయే రబ్బరు గొట్టం పాత పొడవే. చక్రం గుంటలోకి జారినప్పుడల్లా సాగి సాగి చిరిగింది. ఆ పాత జీపుల్లో బ్రేకు ఆయిలుకు ఒకటే దారి. ఒకచోట కారిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. ఆ మేస్త్రీ ఐదో తరగతి దాటలేదు. నేను ఫస్టుక్లాసువాణ్ణి!

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవారి అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది మా సరదా మీద దెబ్బ అని జీపు మిత్రులు కోప్పడతారు. కాని కట్ట కింద బట్టలు ఉతుక్కునేవాళ్ళు మన సరదాలో భాగస్తులు కారు గదా!

మరి ఇంట్లో పానా పట్టుకోవటమే తప్పా? అబ్బే, ఎంతమాత్రం కాదు. తమ్ముడి కట్టు విప్పాక పాత షాకిల్స్, పాత సైజు టైర్లు మళ్ళీ వేశాం. గొట్టాలు, లైనర్లు, ఆయిల్ సీళ్ళు అన్నీ కొత్తవి. ఏడాది పట్టింది. అదే జీపు అదే కట్ట ఎక్కింది, దిగింది. ఈసారి ఎవరూ ఈలలు వెయ్యలేదు, ఎవరూ పరుగెత్తలేదు.

మన కాలేజీ వర్కుషాపులో అడ్డంగా కోసి, రంగులు వేసిన ఇంజను ఒకటుంది. చూడటానికే గాని విప్పటానికి కాదు. విద్యార్థి సంఘంవారికి నా మనవి ఒకటే. వార్షికోత్సవం ఖర్చులో కొంత మిగిల్చి ఒక పాత జీపు కొనండి. ఆదివారాలు వర్కుషాపు తలుపులు తెరిపించండి. ఒక మేస్త్రీని పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, జీతమిచ్చి పాఠం చెప్పించుకోండి. విప్పిన ప్రతి బోల్టునూ తిరిగి దాని చోట బిగించటం వచ్చిననాడు, ఎత్తు పెంచాలన్న మోజు దానంతటదే దిగిపోతుంది.