కంటి కానని సరకు

నానో పదార్థములను గూర్చి ప్రజల కేమి చెప్పవలెనను ప్రశ్న తలయెత్తినప్పుడెల్ల మన విద్యావంతులలో నొక మాట వినవచ్చుచున్నది. సామాన్యుల కిది బోధపడదట, చెప్పినచో భయపడుదురట, భయపడినచో పరిశ్రమ చెడునట. వినుటకు మర్యాదగనే యున్నది. లోపలి యర్థము మాత్రము వేఱు: కొనువాడు కొనవలెను, పని చేయువాడు చేయవలెను, ఇరువురును ప్రశ్నింపరాదు. ఈ వాదము నెదిరించుటయే నేటి మా యుద్దేశము. అందులకు వరంగల్లు కొత్తవాడను మించిన సాక్షి మాకు కనబడలేదు.

కొత్తవాడ నేతపనివారి పేట. వరంగల్లు తివాచీలు 1851లోనే లండను మహాప్రదర్శనమున కెక్కినవి. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మగ్గముల యొద్ద కూర్చున్న వృద్ధుడు బడి మొగ మెఱుగకపోవచ్చును. ఐనను నూలు వ్రేళ్ల నడుమ నలిపి దాని నెంబరు చెప్పగలడు. ఏ రంగున కెంత కాస్టిక్ సోడా, ఎంత హైడ్రోసు, నీ రెంత కాగవలెను—అంతయు నాతనికి నోటి లెక్క. నూలు సన్నమైనకొలది రంగు పట్టు తీరు మాఱునని యెఱిగినవానికి, పదార్థము సన్నమైనకొలది దాని గుణము మాఱునను సంగతి బోధపడదా?

నానో విద్య మూలసూత్ర మింతకంటె గహనము కాదు. మీటరును నూఱు కోట్ల భాగములు చేసిన అం దొక భాగము నానోమీటరు. నూఱు నానోమీటర్లకు లోబడిన రేణువు తలవెండ్రుక మందములో సుమారు వేయవ వంతు. బెల్లపు దిమ్మకంటె నలిపిన బెల్లము నీట వేగముగ కరగును గదా. అట్లే ద్రవ్యము నలిగినకొలది దాని వెలితలము పెరుగును, చురుకు పెరుగును. చురుకుతో మేలును పెరుగవచ్చును, కీడును పెరుగవచ్చును. మన వైద్యులు లోహమును భస్మము చేసినప్పుడు, అది వ్రేలిగీతలలో దూరవలెననియు, నిలుకడ నీటిపై తేలవలెననియు పరీక్షలు విధించిరి. దీనిని చూపి మన పూర్వులకు నానోశాస్త్రము కరతలామలకమని చంకలు గుద్దుకొనుట మాకు సమ్మతము కాదు. సన్నమైన లోహమును పరీక్షింపక యొకరి కీయరాదను వివేకము ఈ దేశమునకు క్రొత్త కాదనియే మా మాట.

సన్నదనమున నెంత భేదము కలదో యొక లెక్క చెప్పును. తెల్లరంగులలో వాడు టైటానియం డయాక్సైడు ఎల్లెడల నున్న సరకు. కార్మికుల యారోగ్యమును విచారించు అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 2011లో దానికి రెండు హద్దులు సూచించినది. ఘనమీటరు గాలిలో మామూలు పొడి 2.4 మిల్లీగ్రాములు, అతి సూక్ష్మమైన పొడి 0.3 మిల్లీగ్రాము. ద్రవ్య మొక్కటే. సన్నమైనంత మాత్రమున హద్దు ఎనిమిదవ వంతునకు దిగినది.

ఇక వస్త్రముల మాట. చెమట వాసన రానీయవు, క్రిమి నంటనీయవు అని చెప్పుకొను బట్టలు కొన్నిట నానో వెండి పూత యుండును. ఇది ప్రమాదమా, కాదా? అడుగువారు ఒక్క మాటలో ఉత్తరము కోరుదురు. అమ్మువారు ఒక్క మాటలో ఇత్తురు. అది ఉత్తరము కాదు. వెండి నూలున కంటుకొని యున్నంతవఱకు తొడుగుకొనువానికి ముప్పు స్వల్పము. ఆరోగ్యమైన చర్మముగుండ లోనికి పోవునది అత్యల్పము. కాని ఆ మందును పొడిగ తూచువాడు, చిమ్మువాడు, ఆరిన బట్ట దులుపువాడు దానిని పీల్చుచున్నాడు. నానో వెండికి నియోష్ 2021లో సూచించిన హద్దు ఘనమీటరు గాలికి ఒక మైక్రోగ్రామైన లేదు, 0.9 మాత్రమే. పిదప చాకిరేవు. 2008లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయమువారు వెండి పూత మేజోళ్లను ఉతికి చూడగా, కొన్నిట నాలుగు ఉతుకులకే వెండి యంతయు దాదాపుగ నీటి పాలైనది. ఆ నీ రెచ్చటికి పోవును? కాలువకు, చెఱువునకు. నీటి జీవులకు వెండి విషమని వేఱుగ చెప్ప నక్కఱ లేదు.

కావున మొదట తెలియవలసినది పని చేయు చేతులకు. ప్రకటన లెవరితో మాటలాడుచున్నవి? తొడుగుకొనువానితో. ముప్పు తక్కువ యున్నవానికి అభయమిచ్చి, ఎక్కువ యున్నవానిని మఱచుటయే మన దేశమున భద్రతను బోధించుటగ చెల్లుచున్నది!

మాకు కోపము తెప్పించు విషయ మింకొకటి కలదు. ఐరోపా సమాఖ్యలో 2013 సెప్టెంబరు మొదలు అమలునకు వచ్చిన జీవనాశక ద్రవ్యముల శాసనము ననుసరించి, క్రిమిని చంపునని చెప్పుకొను వస్త్రములో అందులకై నానో పదార్థ మున్నచో, చీటీపై దాని పేరును, ప్రక్కన "నానో" యను మాటను ముద్రింపవలెను. మన దేశమున వస్త్రములకు అట్టి నియమము లేదు. 2020లో మన జీవసాంకేతిక శాఖవారు ప్రకటించిన నానో మార్గదర్శకములు వ్యవసాయ సామగ్రికిని ఆహారమునకును సంబంధించినవి. బట్ట అందు చేరదు. రేపు కొత్తవాడ జంపఖానాకు ఈ పూత వేయుమని బేరగాడు కోరెననుకొందము. జర్మనీకి పోవు జంపఖానాపై చీటీ యుండును. హనుమకొండలో పసిబిడ్డను పరుండబెట్టు జంపఖానాపై నుండదు. నేసినవాని కేదియు నుండదు. స్వదేశీ యనుచు నిత్యము నినదించువారు దీని కేమందురు?

చెప్పినచో భయపడుదురను వాదమునకు అనుభవమే ప్రత్యుత్తరము. 2021 మార్చిలో కెనడాలోని క్యుబెక్ ప్రభుత్వము, బడులకును శిశుకేంద్రములకును తానే పంచిన మాస్కులలో గ్రాఫీను కలదని తెలిసి, వాడవలదని చెప్పవలసి వచ్చినది. అప్పటికే పిల్లల సంరక్షకులు వానిని నెలల తరబడి ధరించి యుండిరి. ఆ భయము పుట్టినది ముందు చెప్పుటవలన కాదు.

అంత దూర మేల? మన రైతు చేతిలోని నానో యూరియా సీసాను చూడుడు. 2021లో ఇఫ్‌కో సంస్థ దానిని విడుదల చేసినప్పుడు అరలీటరు సీసా యొక యూరియా బస్తాకు సాటి యని ప్రచారము జరిగినది. నాలుగు శాతపు లెక్కన సీసాలోని నత్రజని 20 గ్రాములు. 45 కిలోల బస్తాలోనిది 20 కిలోలకు పైమాట. ఆకుపై చల్లుటవలన వృథా తగ్గునని సంస్థ చెప్పినది. ఈ సాటి శాస్త్రమునకు నిలువదని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ పండితులు 2023లో ఆక్షేపించిరి. విషపరీక్షలు జరిపితిమని సంస్థ చెప్పుచున్నది. జరిగియుండవచ్చును. ఆ పరీక్షలలో నేమి తేలినదో, చల్లునపుడు ముక్కునకు గుడ్డ యెందులకు కట్టుకొనవలెనో, రైతునకు తెలుగున విప్పి చెప్పిన వారెవ్వరు? చెప్పుటకు బదులు అంటగట్టిరి. 2025 జూలైలో కేంద్ర వ్యవసాయమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ముఖ్యమంత్రులకు లేఖ వ్రాసి, సబ్సిడీ యెరువుతో నానో యెరువులను బలవంతముగ కొనిపించుటను మాన్పింపుడని కోరవలసి వచ్చెను. బలవంతపు సీసా భద్రమైనదే యైనను, రైతు నమ్మడు. నమ్మకపోవుట యాతని తప్పు కాదు.

నానో యనగానే విషమని కేకలు వేయువారితోను మాకు పొత్తు లేదు. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ వడపోత వరిపొట్టు బూడిదకు నానో వెండి నంటించి చేసినది; విద్యుత్తు లేని యింటను నీటిలోని క్రిములను తొలగించినది. అట్టిదానిని వదంతికి బలి యిచ్చుటయు ద్రోహమే. కాని వదంతి పుట్టునది మౌనమునుండియే.

తెలుగున శాస్త్రము చెప్పుట సాధ్యము కాదను మాట నిర్వాహకుల సోమరితనము. 1906లోనే కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి శాస్త్రమును తెలుగు చేసిరి. 1921లో అదే నగరమున నొక సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా ఎగతాళి చేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. నేడు ఎగతాళి చేయువారు లేరు. ఆంగ్లమున ముద్రించి యూరకుందురు.

వరంగల్లులోనే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. సరకు నమ్మని ఆచార్యులు కొత్తవాడ సహకార సంఘముల యరుగులపై నెలకొకసారి కూర్చుండి, తేలినది తేలినట్లు, తేలనిది తేలలేదని చెప్పవలెను. రంగు, పూత మందుల డబ్బాలపై నానో యను మాటయు, పీల్చరాదను హెచ్చరికయు తెలుగున ముద్రింపనిదే చేనేత, జౌళి శాఖ వానిని సంఘములకు చేరనీయరాదు. ఈ రెండింటిలో దేనికి అభ్యంతరమో శాఖవారు తెలిపినచో, వారి ప్రత్యుత్తరమును ఈ పుటలోనే ప్రకటింతుము.