డబ్బా మారితే మందు మారినట్టు కాదు

పోయిన యాసంగిలో నేను వెదజల్లిన వరిలో ఊద చావలేదు. 20 రోజులకు బిస్పైరిబాక్ కొట్టిన. తర్వాత షాపాయన మార్చి ఇచ్చిన పెనాక్సులం కూడా కొట్టిన. గడ్డి కనీసం పసుపు కూడా తిరగలే. కూలీలను పెట్టి పీకిస్తే ఎకరానికి ఆరు వేలు అయింది. నకిలీ మందు ఇచ్చినవని షాపాయనతో కొట్లాడిన. నిజానికి ఆరేళ్లుగా అదే మందు కొట్టింది నేనే.

హర్యానా, పంజాబ్ గోధుమ రైతులు ఈ బాధ ముప్పై ఏళ్ల కిందటే పడ్డారు. వాళ్ల ఊద పేరు గుల్లీ డండా. చిన్నప్పుడు అచ్చం గోధుమ మొక్కలాగే ఉంటది, మొదలు దగ్గర ఎర్రగా ఉంటే అదే గడ్డి అని గుర్తు. ఐసోప్రొట్యూరాన్ అనే మందుకు బాగా చచ్చేది. ఏటా వరి, గోధుమ, అదే మందు. చాలామంది దాన్ని స్ప్రే కూడా చేయలేదు, ఇసుకలోనో యూరియాలోనో కలిపి చల్లారు (మనమూ తక్కువేం కాదు). 1990ల మొదట్లో ఆ మందుకు గడ్డి చావడం ఆగిపోయింది. కొందరు గోధుమను పచ్చగా ఉండగానే పశువుల మేతకు కోసుకున్నారు. తర్వాత క్లోడినాఫాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ లాంటివి వచ్చాయి. కొన్నేళ్లకు వాటికీ చావని గడ్డి తయారైంది.

అక్కడ బాగా ఆదుకున్నవి మందులు కావు, పద్ధతులు. గుల్లీ డండా చలి పడితేనే బాగా మొలుస్తది. అందుకే అక్టోబరు చివర్లో, ఇంకా వెచ్చగా ఉండగానే గోధుమ విత్తితే పంటే ముందు లేస్తది. దున్నకుండా జీరో టిల్ డ్రిల్లుతో విత్తితే అడుగున ఉన్న గడ్డి గింజ పైకి రాదు. ఒక ఏడు గోధుమ ఆపి బర్సీమ్ మేత వేస్తే, మాటిమాటికి కోయడంతో గడ్డికి గింజ కట్టే సందు దొరకదు.

ఇక మన వరి సంగతి. బిస్పైరిబాక్, పెనాక్సులం పేర్లు వేరు గానీ రెండూ మొక్కను ఒకే చోట దెబ్బ కొడతాయి. ఒకదానికి అలవాటుపడ్డ ఊదకు రెండోది కూడా పనిచేయకపోవచ్చు. ఈ ముక్క నాకు షాపులో ఎవరూ చెప్పలేదు. చెప్తే రెండో డబ్బా అమ్ముడుపోదు కదా!

ఈసారి నేను ముందుగా తడి పెట్టి, ఊద మొలిచినంక దమ్ములో తొక్కించి విత్తుతా. 3–5 రోజులకు సేఫ్‌నర్ ఉన్న ప్రెటిలాక్లోర్ వేస్తా, అది వేరే రకం మందు. మిగిలిన ఊదను గింజ రాలకముందే పీకిస్తా. అది వరికంటే ముందే పండి రాలిపోతది, కోత దాకా ఆగితే వచ్చే ఏడుకు మనమే విత్తనం చల్లినట్టు. ఒక మడిలో వరి మానేసి పల్లికాయ వేస్తున్నా.

మీ పొలంలో ఊద ఏ మందుకు చావట్లేదో రాయండి. కంపెనీ పేరు వద్దు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూసి రాయండి.