లాయరును బయట కూర్చోబెట్టండి

పక్కింటి డాబా మీద సెల్ టవర్. కరెంటు పోయిన ప్రతి రాత్రీ దాని జనరేటర్ మీ పడగ్గది గోడను అదరగొడుతుంది. ఆ కంపెనీ సిమ్ కొనుక్కుని సిగ్నల్ అందకపోతే మీరు వినియోగదారులు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో పరిహారం అడగొచ్చు. నిద్ర పోగొట్టుకున్న పొరుగువాడికి మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ హోదా ఇవ్వలేదు. డబ్బిచ్చి కొన్నది పాడైతే ఫిర్యాదు, అడక్కుండా నెత్తిన పడినదానికి ఓర్పు!

శబ్ద నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదట. దాటితే? పోలీసు పొల్యూషన్ బోర్డును చూపిస్తాడు, బోర్డు మునిసిపాలిటీని చూపిస్తుంది, కంపెనీ కస్టమర్ కేర్ ఒక నంబరిచ్చి చేతులు దులుపుకుంటుంది.

స్మాల్ కాజ్ కోర్టు అనే పేరు చూసి ఆశపడకండి. 1887 నాటి చట్టం, జనరేటర్ ఆపించమని కోరే ఇంజంక్షన్ దావాలను దాని గడప బయటే ఆపింది. సివిల్ కోర్టుకు వెళ్తారా? కంపెనీ తరఫున వకాలతు పడుతుంది, ఆపైన వాయిదా, వాయిదా మీద వాయిదా. లాయరు ఫీజు వాళ్లకు జమాఖర్చుల్లో ఒక పద్దు. మీకది పిల్లల స్కూలు ఫీజు. కంపెనీ నెగ్గేది న్యాయం ఉండి కాదు, మీరు అలిసిపోతారని తెలిసి.

కాలిఫోర్నియాలో చూడండి. అక్కడి స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో తొలి విచారణలో లాయర్లు వాదించకూడదు. ఎంత పెద్ద కంపెనీ అయినా తన ఉద్యోగినే నిలబెట్టాలి. వ్యక్తి 12,500 డాలర్ల దాకా అడగొచ్చు. ఓడిన కంపెనీ అప్పీలుకు పోతే అక్కడ లాయరొస్తాడు, నిజమే. అయినా ఆ చిన్న కోర్టు పెద్దవాళ్లను ఎంత భయపెట్టిందో చూడండి: శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం హోరు భరించలేని ఇరుగుపొరుగు మూకుమ్మడిగా ఎవరి దావా వాళ్లు వేశారు. ఇంత చిక్కు వ్యవహారం ఆ కోర్టుకు తగదంటూ నగర ప్రభుత్వమే పైకోర్టుకు పరుగెత్తింది. 1983లో పైకోర్టు ఆ వాదన కొట్టేసింది.

మనకున్నది ఒక్క సందు, శాశ్వత లోక్ అదాలత్. ఫీజు లేదు, కోటి రూపాయల దాకా పరిధి, టెలిఫోన్ సేవ దాని ప్రజోపయోగ సేవల జాబితాలో ఉంది, రాజీ కుదరకపోతే తానే తీర్పు చెప్పగలదు. మీ గొడవ టెలిఫోన్ సేవ కిందికి రాదని కంపెనీ అడ్డం తిరుగుతుంది. తిరగనివ్వండి, ఆ మాట రాతపూర్వకంగా అక్కడే చెప్పించండి. అర్జీ మాత్రం పడేయండి.

అమెరికా పద్ధతి ఇక్కడ చెల్లదనే పెద్దమనుషులకు ఒక సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేబర్ కోర్టులో యాజమాన్యం లాయరును తెచ్చుకోవాలంటే కోర్టు అనుమతితోపాటు అవతలి పక్షం ఒప్పుకోలూ కావాల్సి ఉండేది. కార్మికుడికి మనమే రాసిచ్చిన ఆ రక్షణను పొరుగువాడికి రాయడానికి అడ్డేమిటి? జనరేటర్ పక్కన ఒక్క మంత్రి ఇల్లయినా లేకపోవడమా?