ముందుకు బిగిస్తే సరిపోతుందా?

కంది కోత అయిపోయాక చేలో మిగిలిన మోళ్లు, కాపు అయిపోయిన టమాటా చెట్లు. వీటిని కాల్చకుండా నేలలో కలపమని అందరూ చెబుతారు. మేమూ అదే చెబుతాం. కానీ మల్చర్ బాడుగకు తెచ్చిన రైతుకే అసలు తంటా తెలుసు. మల్చర్ ఉండేది ట్రాక్టర్ వెనక. అది చేరేలోపే చక్రాలు కంపను నేలకు అణిచేస్తాయి. అణిగింది కత్తికి అందదు. కంది మోళ్లకు టైర్లూ పాడవుతాయి. డ్రైవరు రోజంతా మెడ వెనక్కి తిప్పి కూర్చోవాలి.

అందుకే బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు పక్క రైతులు అడుగుతున్నారు: "ఇదే మిషన్ని ముందుకు బిగించి హైడ్రాలిక్‌తో తిప్పితే పోదా?" కోరిక న్యాయమైనదే. మంచు కురిసే దేశాల రైతులు కూడా వెనకుండే మంచు తోడే యంత్రాన్ని ముందుకు మార్చుకునేది ఇందుకే. అయితే వెల్డింగ్ షాపుకు పోయే ముందు ఒక లెక్క చూడాలి.

హైడ్రాలిక్ బలం అంటే ప్రెషరూ, నిమిషానికి పారే ఆయిలూ. ప్రెషర్ బార్లలో, ఆయిల్ లీటర్లలో తీసుకుని గుణించి, 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. పంపు నిమిషానికి 20 లీటర్లు, 180 బార్ ఇస్తుందనుకుందాం. వచ్చేది 6 కిలోవాట్లు, అంటే 8 హెచ్‌పీ. అదే 45 హెచ్‌పీ ట్రాక్టర్ వెనక పీటీవో దగ్గర 38 హెచ్‌పీ దాకా దొరుకుతుంది. కాబట్టి మా మాట ఇది: ట్రాక్టర్ సొంత హైడ్రాలిక్ ఎత్తే పనికి చాలుతుంది, తిప్పే పనికి చాలదు. ఎరువు ఎత్తే బకెట్టుకు సరే. మల్చర్‌కు కాదు.

తిప్పాల్సిందేనంటే వెనక పీటీవోకు వేరే పంపు, వేరే ఆయిల్ ట్యాంకు, కూలర్, ముందు మోటారు కావాలి. పీటీవో తిరిగేది 540 చుట్లే. చాలా పంపులకు అది చాలదు, మధ్యలో గేర్‌బాక్సు పెట్టాలి. ఇంతా చేస్తే బలంలో సుమారు నాలుగో వంతు వేడిగా పోతుంది. ముందు యాక్సిల్ మీద బరువు పెరిగి స్టీరింగ్ బిగుసుకుంటుంది, వెనక ఎదురు బరువు వెయ్యాలి. పైపు లీకవుతోందా అని ఎవరూ చేత్తో తడమొద్దు. సన్నటి చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది, చెయ్యే పోవచ్చు. అట్టముక్క పెట్టి చూడండి. డ్రిప్పు పైపులు, మల్చింగ్ షీటు, కట్టిన తీగ తీసేశాకే మిషన్ దించండి.

ఇంత ఖర్చు లేకుండా ఇంకో దారి ఉంది. పక్కకు జరిగే మల్చర్ తీసుకుంటే ఒక చక్రమైనా కంప మీద ఎక్కకుండా తప్పించవచ్చు. కొనేటప్పుడు ఈ సంగతి అడగండి.

మేము మన మెకానిక్కులను తప్పుపట్టడం లేదు. రైతు అవసరాన్ని ముందు గుర్తించేది వాళ్లే. కానీ వాళ్ల పనిని పరీక్షించి సరైందో కాదో చెప్పే దిక్కు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. యంత్ర రాయితీ చూస్తే, పరీక్షలో నెగ్గిన యంత్రాలకే. అవసరం రైతుది, నష్టభయమూ రైతుదేనా?

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. మన మెకానిక్కులు చేసిన మార్పులను తక్కువ ఫీజుతో అక్కడ పరీక్షించాలి. నెగ్గినవాటికి రాయితీ ఇవ్వాలి. ట్రాక్టర్ పంపు ఎన్ని లీటర్లు ఇస్తుందో, ముందు యాక్సిల్ ఎంత బరువు మోస్తుందో, ఏం బిగిస్తే వారంటీ పోతుందో కంపెనీలు తెలుగులో రాసివ్వాలి. ఇవే మా డిమాండ్లు.

గ్రామ కమిటీలు ఈ నెల సమావేశంలో ఈ సంగతి చర్చించాలి. మిషన్ని ముందుకు మార్చుకున్న రైతులు తమ అనుభవం, అయిన ఖర్చు రాసి పంపండి. ఆ లెక్కలు చేతిలో ఉంటే మన డిమాండుకు బలం వస్తుంది.